గంధరాజ నిమ్మ

ఛాయ బడినుంచి వస్తూనే సంచీని మంచంమీద గిరాటేసి వంటగది గుమ్మంలో నిలబడింది. బూట్లు విప్పలేదు. ఏప్రిల్ ఎండకి మొహం కందిపోయి ఉంది.

“అమ్మా, నాన్న డ్యూటీమే సో గయే థే క్యా?”

రొట్టెల పీటమీద నిమ్మకాయను అరచేత్తో అదిమి దొర్లిస్తోంది ఇందుమతి. అలా దొర్లిస్తే లోపలి తొనలు చితికి రసం చివరి బొట్టుదాకా దిగుతుంది. కూతురి మాటకి చెయ్యి ఆగిపోయింది.

“ఎవరన్నారే?”

“పింకీ. ఉస్‌కే పాపా భీ తారు కంపెనీమే హై నా. సబ్‌కే సామ్‌నే బోలీ, సోనేవాలే కీ బేటీ అని.”

“ఏడిస్తే తెలుగులో ఏడు. నాకు సగమే అర్థమవుతాది.”

ఛాయ ముక్కు ఎగబీల్చింది. “నిద్రపోతు కూతురంది నన్ను. డ్యూటీలో నిద్రపోయేడంట నాన్న. గ్యాసు లీకయిపోయిందంట. కొంచెంలో అందరూ చచ్చిపోదురంట. నిజమేనా?”

ఇందుమతి నిమ్మకాయను అడ్డంగా కోసింది. గింజలు పడకుండా ఎడమచేతి వేళ్ళ సందుల్లోంచి రసాన్ని గిన్నెలోకి పిండింది. రెండో చెక్క కూడా పిండేక, “బూట్లిప్పి కాళ్ళు కడుక్కో. అన్నం పెడతాను” అంది.

పని కోసం వలసొచ్చిన ఆ ఉక్కు ఊళ్ళో, వైశాలి నగర్లో వాళ్ళ సందు సందంతటికీ ఆ మాట తెలిసిపోయింది. నందినీ రోడ్డు పక్కన, ఉక్కు కర్మాగారాల్లో మిగిలే తారును మరిగించి బెంజాలూ నాఫ్తలీనూ వేరుచేసే చిన్న కంపెనీ ఒకటుంది. అందులో బెంజాల్ షెడ్డుకి తాతబ్బాయి ఆపరేటరు. కిందటి వారం అతని షిఫ్టులో పైపు జాయింటు ఒకటి వదులై షెడ్డంతా ఆవిరి నిండింది. పక్క షెడ్డులో పనిచేసే అప్పలసూరి పసిగట్టి పరుగెత్తుకొచ్చి వాల్వు కట్టేశాడు. ఆ జాయింటుకి బారెడు దూరంలో స్టూలుమీద కూర్చుని ఉన్నాడు తాతబ్బాయి. ఫోర్మన్ ధర్మారావు వచ్చి, “నిద్రపోయావా?” అని గద్దిస్తే, “అవునండీ, కన్నంటుకుంది” అన్నాడు. అందరి ముందూ చివాట్లు పెట్టి, ఇంకొక్కసారి ఇలా జరిగితే గేటు బయటే అని చెప్పి పంపించాడు ధర్మారావు.

ఇంట్లో కూడా తాతబ్బాయి అదే మాట అన్నాడు. కన్నంటుకుంది. అంతే.

ఇందుమతికి అక్కడే చిక్కుముడి పడింది. సొంతూరు బొబ్బిలి వెళ్ళినప్పుడల్లా రైల్లో సీటు దొరికినా సరే, రాత్రంతా కిటికీకి ఆనుకుని కళ్ళు తెరుచుకు కూర్చునే మనిషి. నడుం వాలిస్తే తప్ప నిద్ర రాదు. వాలినా ఆమె గాజులు కదిలితే మెలకువ వచ్చేస్తుంది. అలాంటి మనిషి పట్టపగలు స్టూలుమీద నిద్రపోయాడంటే లోకం నమ్మవచ్చు, ఆమె నమ్మలేకపోయింది. మరి నిద్రపోకపోతే నిద్రపోయానని ఎందుకన్నట్టు? చెయ్యని తప్పు నెత్తినేసుకునేంత అమాయకుడేం కాదు.

మధ్యాహ్నం రెండున్నరకి సైకిలు గోడకి చేరేసి వచ్చాడు. తలకి కట్టిన తడి తువ్వాలు అప్పటికే ఎండి అట్టకట్టింది. మొహం కడుక్కుని పీటమీద కూర్చున్నాడు. ఇందుమతి నిమ్మకాయ పులిహోర వడ్డించింది. కంచంలో మెతుకులు పసుపుపచ్చగా, దేనికది విడిగా ఉన్నాయి. తాతబ్బాయి ఒక ముద్ద తిని ఉప్పు డబ్బా వంక చెయ్యి చాచాడు. ఇంకో ముద్ద తిని ఊరుమిరపకాయ అడిగాడు. తర్వాత తల ఎత్తకుండా, సంచీలో ధాన్యం నింపినట్టు తిన్నాడు.

“ఎలాగుందండీ?”

“బాగుంది.”

ఈ మధ్య ఏది పెట్టినా అదే మాట. చలికాలంలో జ్వరం వచ్చి లేచినప్పటినుంచీ ఇదే వరస. అంతకుముందు సైకిలు దిగకుండానే, “ఇంగువ ఎక్కువేసేవే ఇవాళ” అనేవాడు సందులోంచి. ఆమెకి ఒళ్ళు మండేది. ఇప్పుడా మాట కోసం ఆమె చెవులు రిక్కించుకుని ఉంటోంది. చేతివంట మొహం మొత్తిందా, తనే మొహం మొత్తిందా అన్న ఆలోచన వచ్చినప్పుడల్లా, ఏదో ఒక గిన్నె తీసుకుని గట్టిగా తోమేది.

తాతబ్బాయి లేచి చెయ్యి కడుక్కుంటుంటే ఛాయ గుమ్మంలోకొచ్చి తండ్రి వంక చూసింది. అడగబోయింది. తల్లి కళ్ళతో వారించింది. అది చూసిన తాతబ్బాయి చెంబు నెమ్మదిగా కింద పెట్టి, కూతురి తలమీద ఒకసారి చెయ్యి వేసి, లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

*

పక్కింటి మాధురీ దీదీ బెంగాలీ ఆవిడ. పెద్ద నూనె డ్రమ్మును సగానికి కోయించి, అందులో ఒక నిమ్మమొక్క పెంచుతోంది. అంటు తన పుట్టింటి ఊరినుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకుందట. ఈ ఏడు మొదటిసారి కాసింది. కాయలు మన నిమ్మకాయల్లా గుండ్రంగా ఉండవు. కోలగా, ముదురాకుపచ్చగా, తొక్క దళసరిగా, గరుగ్గా ఉంటాయి.

సాయంత్రం ఆడవాళ్ళిద్దరూ మంచాలు బయట వేసుకునే వేళకి దీదీ ఒక కాయ కోసుకొచ్చి ఇందుమతి చేతిలో పెట్టింది. “గొంధొరాజ్. సూంఘో.”

ఇందుమతి వాసన చూసింది. చూసిన ముక్కుని మళ్ళీ అక్కడే పెట్టింది. నిమ్మకాయ వాసనే, కానీ నిమ్మకాయ ఇంత దూరం వెళ్ళగలదని ఆమెకి తెలియదు. పువ్వు పూసినట్టుంది.

“పిండితే ఇందులో రసం తక్కువ దీదీ” అంది కాయను నొక్కిచూసి.

దీదీ నవ్వి లోపలికి వెళ్ళి చిన్న రేకు తురుముపీట తెచ్చింది. కాయను దానిమీద అలా ఒకసారి ఆనించి లాగింది, బిడ్డ చెంపమీద వేలు రాసినంత తేలిగ్గా. పచ్చటి పొడి గిన్నెలో పడింది. కాయను కొద్దిగా తిప్పి ఇంకోచోట లాగింది. లాగినచోటల్లా లోపలి తెల్లటి పొర కనపడుతూనే ఆపేసింది.

“బస్, హరా హరా. సఫేద్ నహీ, సఫేద్ కడవా హోతా హై.” పచ్చది మాత్రమే, తెలుపు తగిలితే చేదు అని చేత్తో చూపించింది. “దేఖో బెహన్, రస్ మే ఖట్టా హై. ఖుష్బూ తో ఛిల్‌కే మే హై.”

పులుపు రసంలో, వాసన తొక్కలో. ఇందుమతికి అంతదాకా తొక్కంటే పిండి పారేసేది, లేకపోతే ఎండబెట్టి గిన్నెలు తోమేది. ఊరగాయలో తొక్క తిన్నా అది కారంలో, ఉప్పులో మగ్గిపోయిన తొక్క. పచ్చిగా ఇంత గుణం దాచుకుందని ఎప్పుడూ అనుకోలేదు.

మర్నాడు ఆమె అన్నం వార్చి పళ్ళెంలో ఆరబోసింది. వేడిమీద రసం పోస్తే చేదెక్కుతుందని ఎలాగూ తెలుసు. పోపు వేసి కలిపి, అన్నం చల్లారేక కొద్దిగా రసం పిండింది. దీదీ చెప్పినట్టు పులుపు రోజూకంటే తగ్గించింది, లేకపోతే వాసనని మింగేస్తుందట. చివర్న తురిమిన తొక్క చల్లి మూత పెట్టింది. కాసేపటికి మూత తీసేసరికి వంటగది నిండిపోయింది. ముందుగది నిండిపోయింది. సందులో ఉల్లిపాయలబండి తోసుకుపోతున్నవాడు ఆగి, “క్యా బనా హై భాభీ!” అని కేకేసి పోయాడు. ఛాయ బడినుంచి వచ్చి బయటే బూట్లు విప్పేసింది. ఆ వారంలో మొదటిసారి నవ్వింది.

“అమ్మా, సెంటు పోసేవేటి?”

తాతబ్బాయి వచ్చాడు. సైకిలు చేరేశాడు. తువ్వాలు విప్పాడు. గుమ్మం దాటాడు. ఇందుమతి గరిటె పట్టుకుని అతని మొహమే చూస్తోంది. ముందుగది దాటి, వంటగది దాటి, దొడ్లోకి వెళ్ళి కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. మొహంలో ఏమీ మారలేదు.

ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు.

“ఇవాళ పులుపు తగ్గింది.”

“నాన్నా!” అంది ఛాయ ఆశ్చర్యంగా. “ఖుష్బూ చూడు!”

తాతబ్బాయి కంచంలోకి చూశాడు. కూతురి మొహంలోకి చూశాడు. అప్పుడు, “ఆఁ, అవునవును. బాగుంది, చాలా బాగుంది” అన్నాడు.

చెవుడున్నవాళ్ళు పదిమందిలో కూర్చున్నప్పుడు, అందరూ నవ్వేక నవ్వుతారు. అలా ఉంది ఆ మాట. ఇందుమతి చేతిలో గరిటె గిన్నె అంచుకి తగిలి చప్పుడైంది.

అతను పడుకున్నాక ఆమె కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతూ ఆలోచించింది. మొన్న పాలు పొంగి, మాడి, ఇల్లంతా కమురుకంపు కొడుతుంటే స్టవ్వు పక్కనే పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. చూస్తూ ఊరుకున్నారేటని ఆమె నోరు చేసుకుంది. అంతకుముందు ట్రంకుపెట్టె వెనకాల ఎలుక చస్తే ఛాయా తనూ ముక్కులు మూసుకుని వెతికారు. ఆయన అక్కడే కూర్చుని అన్నం తిన్నాడు. మొండిమనిషి అనుకుంది. ఉప్పు, కారం, పులుపు. ఈ మధ్య అతను అడిగేవి అవే. నాలిక్కి తగిలేవి.

కుళాయి కట్టేసి, తడిచేతుల్తోనే కాసేపు అలా నిలబడిపోయింది.

*

దీదీ దగ్గర కేకుల్లో వేసే నిమ్మ ఎసెన్సు సీసా ఉంది, పవర్ హౌస్ బజార్లో కొన్నది. చిటికెనవేలంత ఉంటుంది. ఇందుమతి అడిగితే, ఎందుకని అనకుండానే ఇచ్చింది.

తర్వాతి రోజు కూడా తాతబ్బాయికి పొద్దుటి షిఫ్టే. ఛాయని దీదీ ఇంట్లో ఆడుకోమని పంపించి, ఇందుమతి రెండు స్టీలు గ్లాసులు కడిగి పెట్టింది. కూజాలో నీళ్ళు రెంటిలోనూ పోసి, పంచదార కలిపింది. ఒక దాంట్లో నిమ్మకాయ పిండింది. రెండోదాంట్లో రసం వెయ్యలేదు. ఎసెన్సు సీసా మూత తీసి నాలుగు చుక్కలు వేసింది. ఘాటుగా, కొత్త సబ్బుబిళ్ళ విప్పినట్టుగా, గదంతా ఒక్కసారి నిమ్మకాయైపోయింది. చేస్తున్నది మోసమేమోననిపించింది. పారబోద్దామని దొడ్డివైపు రెండడుగులు కూడా వేసింది. అంతలో సైకిలు చప్పుడైంది.

అతను మొహం తుడుచుకుంటూ మంచంమీద కూర్చున్నాడు. ఎసెన్సు గ్లాసు అందించింది. గడగడా సగం తాగి ఆగాడు.

“నిమ్మకాయలైపోనాయేటి? ఉత్త పంచదార నీళ్ళిచ్చేవు.”

ఆమె రెండో గ్లాసు అందించింది. ఒక గుక్క తాగాడు.

“ఇదీ! ఇది నిమ్మరసమంటే.”

ఇందుమతి నేలమీద అతని మోకాళ్ళ దగ్గర కూర్చుంది. కింద పెట్టిన మొదటి గ్లాసుని చేతిలోకి తీసుకుంది.

“ఈ గ్లాసు వాసనకి గుమ్మంలోంచి ఈగలొస్తన్నాయండి” అంది మెల్లగా.

తాతబ్బాయి ఆ గ్లాసు వంక చూశాడు. తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఛాతీ పొంగేదాకా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. అలా పీలుస్తూనే ఉన్నాడు. ఇందుమతి చూడలేక గ్లాసు పట్టుకున్న అతని చేతిని కిందికి దించింది.

“ఎప్పట్నించి?”

“ఆ జ్వరం నించి.” గ్లాసు కింద పెట్టాడు. “పడిశం కదా, తగ్గితే వస్తాదనుకున్నాను. రోజూ పొద్దున్న లేవగానే సబ్బు వాసన చూసుకుంటాను. రాలేదు.”

“మరి నాకు చెప్పొద్దేటండీ?”

“ఏటని చెప్తాను? నువ్వు కష్టపడి వండుతావు. నాకు మట్టి తిన్నట్టుంటాది. వాసన లేకపోతే కూరకీ కూరకీ తేడా లేదే ఇందూ. వంకాయ మెత్తగుంటాది, బెండకాయ జారతాది. అంతే తెలుస్తాది.”

ఇన్ని నెలలు ఆమె మనసులో పెట్టుకు నలిగింది ఒక్కసారిగా కరిగిపోయింది. దాని వెనకే ఇంకొకటి, అంతకంటే పెద్దది, లేచి నిలబడింది.

“అయితే ఆ రోజు మీరు నిద్రపోలేదు.”

“లేదు.” అతను చేతులు చూసుకుంటూ అన్నాడు. “మీటరు చూస్తూ కూర్చున్నాను. తల కొంచెం తిరుగుతుంటే ఎండనుకున్నాను. బెంజాలు తియ్యటి వాసనొస్తాది. కాస్తంత కారినా షెడ్డు బయటే పట్టీసీవాణ్ణి. పైపు మారిస్తే ధర్మారావుగారే నన్ను పిలిచి, ఒకసారి చూడవయ్యా, కారతందేటో అనీవారు. అక్కడ నా పని మీటర్లు చూడడం కాదే. నా పని ముక్కుతోనే. అది పోయిందంటే నన్నెందుకుంచుతారు? నిద్రపోయేనంటే తిట్టి వదిలీస్తారు.”

“వదిలీసేరు. ఊరంతా అనుకుంటన్నారు. పిల్లని బళ్ళో అంటన్నారు.”

“తెలుసు.”

“దానికి నాకేం లేదండీ. నిద్రమొహం మనిషి పెళ్ళాన్నంటే పడతాను. కానీ మీరు పొద్దున్న ఆ షెడ్డులోకెళ్తే మళ్ళీ వస్తారో రారో అని రోజూ గుమ్మంలో నిలబడమంటారేటి?”

“జాగ్రత్తగా ఉంటాను.”

“దేంతో ఉంటారు జాగర్తగా?”

తాతబ్బాయి లేచి చొక్కా తగిలించుకుని సైకిలు తీసుకుని ఎటో వెళ్ళిపోయాడు. వడ్డించిన అన్నం అలాగే ఉంది. ఇందుమతి కంచంమీద మూత పెట్టి, ఎసెన్సు కలిపిన నీళ్ళు దొడ్లో పారబోసింది. తడి నేలంతా నిమ్మవాసనే.

*

పొద్దు వాలుతుండగా తిరిగొచ్చాడు. అతను సైకిలు దిగుతుంటే వెనకాలే ఇంకో సైకిలు ఆగింది. అప్పలసూరి. శృంగవరపుకోటవైపు మనిషి, వయసులో తాతబ్బాయికంటే చిన్న. పని నేర్చుకున్నది తాతబ్బాయి దగ్గరే. ఆ గొడవైన దగ్గర్నించీ ఈ ఇంటివైపు రాలేదు. గుమ్మంలో చెప్పులు విడిచి కూడా లోపలికి రాకుండా నిలబడ్డాడు.

“రావయ్యా సూరీ” అంది ఇందుమతి. “కూర్చో. భోంచేసి వెళ్దువుగాని.”

“తిండి కోసం రాలేదు వదినా.” మంచం అంచుమీద కూర్చున్నాడు. “అన్నా, నేను రేపు ధర్మారావుగారికి చెప్పీస్తాను. నువ్వు నిద్రపోలేదు. నేను చూసేను కదా. నా మూలాన నీకు మాటొచ్చింది, నాకు అన్నం దిగట్లేదు.”

తాతబ్బాయి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. “ఏటి చూసేవురా నువ్వు?”

“నీ కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. నేను గుమ్మంలోకొచ్చేసరికి వాసనొచ్చింది. వెంటనే నీ మొహం చూసేను. నేనెప్పుడూ అంతే కదన్నా. నేను పన్లో చేరినప్పట్నించీ ముందు నీ మొహం చూస్తాను. నీ ముక్కు ముడుచుకుంటే మేమందరం పరిగెడతాం. నువ్వు మామూలుగా ఉంటే మామూలే. ఆ రోజు నువ్వు మామూలుగా కూర్చున్నావు. దాంతో ఇది నా భ్రమేమో అనుకుని వెనక్కి తిరిగిపోబోయేను. గుమ్మం దాటేక తల గిర్రున తిరిగితే మళ్ళీ లోపలికొచ్చేను.”

చెప్పడం ఆపి, అమాయకంగా నవ్వాడు. “నువ్వుండగా నా ముక్కునెలా నమ్ముకుంటాను చెప్పు?”

దీదీ ఇంట్లోంచి ఛాయ గొంతు, ఇంకెవరో పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి. తాతబ్బాయి తువ్వాలును మడతపెట్టాడు. మళ్ళీ విప్పాడు. ఇందుమతి గుమ్మం పక్కన గోడకి ఆనుకుంది. తను చెప్పగలిగిందంతా మధ్యాహ్నమే చెప్పింది. ఇప్పుడు నోరు విప్పకూడదని తెలుసు.

“సూరీ” అన్నాడు తాతబ్బాయి. “నాకు వాసన తెలీదురా.”

“ఏటీ?”

“ముక్కు పనిచెయ్యదు. చలికాలం నించి. ఆ రోజు మీటరు చూస్తన్నాను. నిద్రపోలేదు. నాకు తెలీలేదు, అంతే.”

అప్పలసూరి నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నవ్వు మొహంమీద కొంచెంసేపు అలాగే మిగిలి, నెమ్మదిగా పోయింది. ఎన్నిసార్లు తాతబ్బాయి మొహం చూసి ధైర్యంగా నిలబడ్డాడో లెక్క చూసుకుంటున్నట్టు కళ్ళు నేలమీద కదిలాయి. లేచి తాతబ్బాయి పక్కకి వచ్చి కూర్చున్నాడు, భుజానికి భుజం తగిలేలా.

“పొద్దున్న నాతో ధర్మారావుగారి దగ్గరికి రా” అన్నాడు తాతబ్బాయి. “ఒక్కణ్ణీ వెళ్తే మళ్ళీ ఏదో అబద్ధమాడీసి వచ్చీగలను.”

ఇందుమతి లోపలికి వెళ్ళి ముగ్గురికీ అన్నం పెట్టింది.

*

మర్నాడు ఆమెకి ఏ పనీ సాగలేదు. బియ్యంలో రాళ్ళేరుతూ ఏరిన రాళ్ళని మళ్ళీ బియ్యంలో పడేసుకుంది. మధ్యాహ్నం కాకుండానే సైకిలు చప్పుడైంది. ఉద్యోగం పోయిందనే అనుకుంది. పోతే పోయింది, ఎలాగోలా బతుకుతామని గబగబా మనసులో మాటలు కూర్చుకుంది.

“ఏటన్నారండీ?”

“ముందు బాగా కేకలేసేరు.” తాతబ్బాయి మంచంమీద కూలబడ్డాడు. “ఇన్నాళ్ళు ఎందుకు చెప్పలేదయ్యా, షెడ్డు షెడ్డంతా లేచిపోతే ఎవరిది పూచీ అని. సూరిగాణ్ణి కూడా తిట్టేరు. వాడికేం తెలీదన్నా వినలేదు. తర్వాత కుర్చీలో కూర్చుని ఊరుకున్నారు. టీ తెప్పించేరు. అందర్నీ షెడ్డు బయటికి పిలిచి, తాతబ్బాయి నిద్రపోలేదు, నేనన్న మాట తప్పు అన్నారు. వాళ్ళందరి ముందే అన్నారు ఇందూ.”

ఇందుమతి కూర్చుకున్న మాటలన్నీ అక్కర్లేకుండా పోయాయి.

“బెంజాల్ షెడ్డుకి ఇంక నన్ను పంపరు. ఆ చివర నీళ్ళ పంపు హౌసులో వేసేరు. ఆసుపత్రిక్కూడా ఆయనే చీటీ ఇచ్చేరు. వెళ్ళొచ్చేను. డాక్టరు టార్చి వేసి చూసేడు. లోపల వాసన నరం ఏదో దెబ్బతిందంట. రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు.”

“వస్తాది.”

“రాకపోతే?”

“రాకపోతే నాలికతోనే కానిద్దాం.”

ఆ రోజునుంచి ఆమె వంట మారింది. చారులో మిరియం పెరిగింది. పులిహోరలో నిమ్మరసం చెంచాడు ఎక్కువ పిండి, కరకరలాడే వేరుశనగపప్పులు గుప్పెడు వేసింది. పెరుగన్నంలో అల్లం కొట్టి వేసి, కుండ పక్కన తడిగుడ్డ చుట్టి చల్లబరిచి పెట్టింది. మెత్తనివి రెండు ఒక పూట వండటం మానేసింది. దీదీ ఇచ్చిన గంధరాజ నిమ్మతొక్క కూడా తురిమింది, కాకపోతే వేరే గిన్నెలో. “ఇది నాకూ నీకూ” అని ఛాయకి చెప్పింది. ఛాయ మాత్రం తన కంచంలోంచి ఒక ముద్ద తీసి తండ్రికి తినిపించి, “నాన్నా, ఇది ఎలాగుందంటే, బారిష్ పడ్డాక దీదీ వాళ్ళ మొక్క దగ్గర నిలబడ్డట్టు” అంది. తాతబ్బాయి కళ్ళు మూసుకుని నమిలాడు. “మొక్కకి పువ్వులున్నాయా?” అనడిగాడు. “ఉన్నాయి, తెల్లవి” అంది ఛాయ. అతను తల ఊపి ఇంకో ముద్దకి నోరు తెరిచాడు.

పంపు హౌసుకి వెళ్ళిన మొదటి వారం చివర, అతను విప్పి పడేసిన ఖాకీ చొక్కాని ఇందుమతి దొడ్లోకి తీసుకెళ్ళింది. బకెట్లో సోడా కలిపింది. పెళ్ళైన నాటినుంచీ ఆ చొక్కాలు ఉతకడమంటే ఊపిరి బిగబట్టి చేసే పని. తారు, నాఫ్తలీను, ఏ సబ్బుకీ లొంగని ఘాటు. ఎంత ఉతికినా పెట్టెలో మిగతా బట్టలకి కూడా పట్టేసేది. అలవాటుగా ఊపిరి బిగబట్టే చొక్కాని బకెట్లో ముంచబోయింది. ఊపిరి చాలక పీల్చుకుంది. ఘాటు తగల్లేదు.

చొక్కాని మొహానికి దగ్గరగా తీసుకుంది.

తాతబ్బాయి బనీనుతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. “ఏటి చూస్తన్నావు? వాసనొస్తందా?”

“ఊఁ.”

“ఏటి వాసన? చెప్పు.”

వాసనని మాటల్లో చెప్పమని ఆమెనెవరూ ఇంతవరకూ అడగలేదు. “తడి సిమెంటు. గ్రీజు కొంచెం. చెమట.”

“అంతేనా?”

“దానికింద ఇంకోటుంది. మీ వాసన.”

“నాకో వాసనుందేటి?” అతను నిజంగానే ఆశ్చర్యపోయాడు. “ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు నువ్వు.”

“తారు కింద పడుండిపోతే నాకేటి తెలుస్తాది? ఇవాళే చూస్తన్నాను.”

“ఎలాగుంటాది?”

ఇందుమతి మొహం ఎర్రబడింది. ఎదుగుతున్న కూతురు లోపలే ఉంది. పక్కింట్లో దీదీ గిన్నెలు సర్దుకుంటున్న చప్పుడు గోడ దాటి వినపడుతోంది. “పోదురూ” అంది. అతను పోలేదు. గుమ్మానికి ఆనుకుని, చెప్పేదాకా కదలనన్నట్టు నిలబడ్డాడు.

“చెప్తాలెండి, తర్వాత” అంది.

అతను నవ్వుకుంటూ లోపలికి వెళ్ళేదాకా ఆగి, ఆమె చొక్కాని బకెట్లో ముంచకుండా దులిపి, అలాగే దండెంమీద వేసింది.